పొద్దున పూట మాత్రమే కుంటే పిల్ల

లేని జబ్బుకు ఒక పిల్లకు నాలుగేళ్లలో అరవై తొమ్మిది ఇంజెక్షన్లు చేశారు. ఉన్న జబ్బు ఈలోగా ఆమె ఎడమ కంటి చూపును తీసుకుపోయింది. ఇంజెక్షన్లు రాసినవారు నేటికీ అదే కుర్చీలో, అదే వేళకు కూర్చుంటున్నారు. పిల్ల మాత్రం తరగతిలో ముందు బెంచీకి, అందులోనూ ఎడమ చివరకు మారింది. అక్కడ కూర్చుంటేనే మిగిలిన కంటికి నల్లబల్ల మొత్తం అందుతుంది.

ఆ పిల్ల పేరు వెంకటదుర్గ. ద్రాక్షారామానికి నాలుగు మైళ్ల దూరాన, కాలవ గట్టు మీది మా ఊళ్లో రెండెకరాల సొంత చేను, మూడెకరాల కౌలు చేసుకునే గంగరాజు కూతురు. తల్లి రత్నమాణిక్యం, నాయనమ్మ పాపాయమ్మ. వాళ్ల పెరటికీ మా పెరటికీ మధ్య ఒక దడి మాత్రమే అడ్డం. ఆ వీధిలో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా చేతనే చదివించుకుంటారు. చదివిన కాగితాన్ని నేను తిరిగి ఇవ్వను, నకలు ఇస్తాను. నీటిపారుదల శాఖలో ముప్ఫై మూడేళ్లు రికార్డు చూసినవాడికి ఆ అలవాటు పోదు. కనుక ఇక్కడ రాసే ప్రతి తేదీకీ ఆధారం ఉంది.

1995 డిసెంబరులో, కుప్పలు వేసే రోజుల్లో, ఐదేళ్లయినా నిండని దుర్గ ఎడమ మోకాలు వాచింది. ఎర్రబడలేదు, ముట్టుకుంటే ఏడవలేదు, ఒళ్లు కాలలేదు. పొద్దున నిద్ర లేచాక మాత్రం ఆ కాలు నేల మీద మోపలేకపోయేది. మంచం పట్టె పట్టుకుని దిగి, అరుగు మెట్లు కూర్చుని జరుగుతూ దిగి, దడి పట్టుకుని కుంటేది. ఎండ ఎక్కేకొద్దీ కుంటు తగ్గేది. భోజనాల వేళకు ఆ పిల్ల కోడిపెట్టల వెంట పరుగెత్తుతూ కనిపించేది.

ఊరు వెంటనే వైద్యసభ తీర్చింది. పడి ఉంటుందని కొందరు, దిష్టి అని కొందరు, ఎవరి నీడనో దాటిందని మరికొందరు నిర్ణయించారు. కీళ్లవాతమేమోనని ఎవరో అన్నందుకు పాపాయమ్మ వారిని వీధి చివరిదాకా తరిమినంత పని చేసింది.

"వాతం చిన్నపిల్లకేంటి? మా అత్తగారికి అరవయ్యేళ్లకొచ్చింది, అదీ మినపట్లు తినబట్టి."

పిల్లలకు కీళ్లవాతం రాదన్న ఈ సిద్ధాంతం పాపాయమ్మ ఒక్కదానిదే అయితే నేను ఇంత దూరం రాసేవాణ్ని కాను. పెద్ద చదువులు చదివినవారూ ఆమెతో ఏకీభవించారు. ఆమెకు మాత్రం డిగ్రీ లేదు.

మా వైపు వాళ్లకు ఒక మర్యాద ఉంది. డాక్టరు దగ్గరకు వెళ్లడమంటే పేరంటానికి వెళ్లినట్టే. పిల్లను మాసిన గౌనుతో, చెదిరిన జుట్టుతో తీసుకెళితే పరువు తక్కువ. కాబట్టి వెళ్లవలసిన రోజున రత్నమాణిక్యం తెల్లవారుజామునే ఆముదం పట్టించి, మోకాలు మర్దనా చేసి, వావిలాకు వేసి కాచిన వేడినీళ్లు పోసేది. తరవాత రెండు జడలు, కనకాంబరాలు, పట్టు పరికిణీ. ఒంటిగంట బస్సు. రామచంద్రపురంలో డాక్టరుగారు రోగులను చూసేది సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు. జబ్బు తన ఆనవాలును పొద్దున చూపిస్తుంది, తల్లి దాన్ని వేడినీళ్లతో కడిగేస్తుంది, మిగిలినదాన్ని మధ్యాహ్నపు ఎండ ఆరబెడుతుంది, ఏమీ మిగలని పిల్లను సాయంత్రం డాక్టరుగారు పరీక్షిస్తారు. ఇంత పకడ్బందీగా సాక్ష్యం మాయం చేయడం వృత్తి నేరస్థులకు కూడా చేతకాదు.

మొదటిసారి 1996 జనవరి 17న నేనూ వెంట వెళ్లాను.

"ఏదీ, నడువమ్మా," అన్నారు డాక్టరుగారు.

దుర్గ గోడదాకా నడిచి, తిరిగివచ్చి, ఎవరూ అడగకుండానే ఒక గెంతు గెంతి చూపించింది.

"చక్కగా నడుస్తోంది గదమ్మా?"

"ఇప్పుడు నడుత్తదండి. పొద్దున్నే కాలు మోపలేదండి. పదకొండింటిదాకా కుంటుద్దండి," అంది రత్నమాణిక్యం.

"ఇప్పుడు పొద్దున కాదు గదా."

"కాదండి."

"మరి?"

రత్నమాణిక్యం పిల్లను దగ్గరికి లాక్కుని పరికిణీ సర్దింది. సిగ్గుతో చెప్పవలసిన మాట, ఆ తర్కం నాకూ సబబుగానే తోచింది. డాక్టరుగారు మోకాలును పరికిణీ మీది నుంచే ఒకసారి తట్టి, రక్తపరీక్ష రాశారు. గొంతులో ఎప్పుడో చేరి వెళ్లిన ఒక సూక్ష్మజీవి తాలూకు జాడను రక్తంలో కొలిచే పరీక్ష అది. వానాకాలం గొంతునొప్పి రాని పిల్ల మా డెల్టాలో ఉండదు కనుక, ఆ జాడ లేని పిల్ల దొరకడం కూడా కష్టమే. రెండో రోజుకు ఫలితం వచ్చింది: నాలుగు వందలు. ఆ అంకె కింద డాక్టరుగారు ఎర్రసిరాతో రెండు గీతలు గీశారు.

"రుమాటిక్ జ్వరం. అశ్రద్ధ చేస్తే గుండెకు పోతుంది."

"జ్వరమాండి? మా పిల్లకి జ్వరమే రాలేదండి," అంది పాపాయమ్మ. ఈసారి ఆమె కూడా వచ్చింది.

"రాకపోయినా అది జ్వరమేనమ్మా."

"ఆయ్."

"పెన్సిలిన్ ఇంజెక్షన్. ఇరవై ఒక్క రోజులకొకటి. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా."

అంకెలు అంత చక్కగా కలిసినందుకు ఎవరికీ అనుమానం రాలేదు. మొదటి ఇంజెక్షన్ ఆ రోజే, జనవరి 19, శుక్రవారం. అది మొదలు ప్రతి మూడో శుక్రవారం దుర్గ తుంటి మీద సూది దిగేది. ఆ రోజు మాత్రం ఆ పిల్ల సాయంత్రం కూడా కుంటేది. చూసినవారు జబ్బు ముదిరిందనుకునేవారు.

ఆ ఏడు నవంబరు తుఫానుకు కొబ్బరిచెట్లు దారుల నిండా అడ్డంగా పడ్డాయి. 8వ తేదీ ఇంజెక్షన్‌కు పోవడానికి వీలులేకపోయింది. గంగరాజు తన పద్దెనిమిది చెట్లు కూలినందుకు ఏడవలేదు గాని, ఒక్క శుక్రవారం తప్పినందుకు పిల్ల గుండె మీద చెవి ఆనించి పూటకొకసారి విన్నాడు. గుండె కొట్టుకుంటూనే ఉంది. దానికి మొదటినుంచీ ఏ జబ్బూ లేదు.

బడిలో హెడ్మాస్టరు కామేశం గారిది మరో పరిశోధన. ఆయన వేళకు వచ్చే మనిషి, వేళకు రాని వాటిని సహించరు.

"ఏమ్మా దుర్గా, నీ జబ్బుకి టైం టేబుల్ ఉందా ఏంటి? ఫస్టు పీరియడ్ కుంటుడు, లాస్టు పీరియడ్ తొక్కుడుబిళ్ల?"

"ఆయ్, ఉందండి. కావాలంటే రాసిత్తానండి," అంది దుర్గ.

నాలుగేళ్లలో ఆ జబ్బు గురించి పలికిన మొట్టమొదటి శాస్త్రీయమైన మాట అదే. దానికి శిక్షగా బెంచీ ఎక్కమన్నారు. బెంచీ ఎక్కేందుకు మోకాలు పూర్తిగా వంగలేదు. అదీ నాటకం కిందే పోయింది. 1998 ఆగస్టు ప్రవర్తన పట్టికలో ఇలా ఉంది: "మూడవ తరగతి, వె. దుర్గ. ప్రార్థనకు నిలబడదు. మధ్యాహ్నం ఆటలకు వచ్చును. నటన." కింద పొడి సంతకం.

దుర్గ నోరు మంచిదని నేను చెప్పను. ఆ పిల్లకు తన కాలు గురించి ఎవరూ నమ్మని సమాచారం చాలా ఉండేది. నమ్మనివారిమీద దాన్ని విసిరేది. "రేపు పొద్దున్న ఆరింటికి మా అరుగు కాడికి రండి మాస్టారూ, కాఫీ కూడా ఇత్తాం," అని ఒకసారి పిలిచింది. ఆయన వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఈ రాతకు పని ఉండేది కాదు.

1999 దసరాకు ఒక విశేషం జరిగింది. దర్జీ రాముడు కుట్టిన కొత్త పరికిణీ అంచు ఎడమ పక్క ఒక వేలి మందం ఎత్తుగా లేచింది. పాపాయమ్మ దాన్ని చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్లింది.

"ఏరా రాముడూ, గుడ్డ మిగుల్చుకుని మీ ఆవిడకి రవిక కుట్టావా?"

"లేదు మామ్మగారూ, గుడ్డ తిన్నగానే ఉంది. మీ పిల్లే వంకర. ఎడంకాలు ముప్పావంగుళం పొడుగుందండి. ఇదిగో టేపు, మీరే పట్టండి."

వాచిన కీలు దగ్గర ఎముకకు రక్తం ఎక్కువగా చేరి, చిన్నపిల్లల్లో ఆ కాలు తొందరగా పెరుగుతుందని నాకు తరవాత తెలిసింది. రాముడికి ఆ శాస్త్రం తెలియదు. అయినా అతడు పిల్లను రెండుసార్లు కొలిచాడు. ఆ మాట రత్నమాణిక్యం సాయంత్రం డాక్టరుగారికి మోసుకెళ్లింది.

"పిల్ల ఎదుగుతోంది. సంతోషించమ్మా."

"ఒక్క కాలేనాండి?"

డాక్టరుగారు తరువాతి నంబరు పిలిపించారు.

2000 జనవరి 7 నాటిది అరవై తొమ్మిదో ఇంజెక్షన్. అదే నెల 27న ఆరోగ్యకేంద్రం నుంచి కంటిపరీక్ష చేసే గణేష్‌బాబు అనే యువకుడు బడికి వచ్చాడు. గోడకు అక్షరాల అట్ట తగిలించి, పిల్లల చేత ఒక్కో కన్ను మూయించి చదివించాడు. దుర్గ ఎడమకన్ను మూసి గడగడ చదివింది. కుడికన్ను మూసుకుని ఊరుకుంది.

"చదువమ్మా."

"ఏం చదవాలండి? అట్ట ఎక్కడుందండి?"

కామేశం గారు నవ్వారు. "ఇదిగో మొదలెట్టింది. నిన్నటిదాకా కాలు, ఇవాళ కన్ను. రేపు చెవి."

గణేష్‌బాబు చిన్న టార్చి తీసి ఆ కంట్లోకి చూశాడు. మళ్లీ చూశాడు.

"మాస్టారూ, కంటిపాప గుండ్రంగా లేదండి. పురుగు కొట్టిన ఆకులాగ అంచు చిరిగిపోయి ఉంది. ఇది నటించడం ఎవరికీ రాదండి."

ఆ రోజే చీటీ రాసిచ్చాడు. కాకినాడలో కంటి డాక్టరు హైమవతి గారు పొద్దున ఎనిమిదికే రోగులను చూడడం మొదలుపెడతారు. అందుకోవాలంటే ఐదున్నర బస్సు ఎక్కాలి. నీళ్లు కాచే వ్యవధి లేదు, వావిలాకు లేదు, కనకాంబరాలు లేవు. నాలుగేళ్లలో మొదటిసారి వెంకటదుర్గ స్నానం లేకుండా, మాసిన గౌనుతో, పట్టేసిన కాలితో ఒక డాక్టరు ముందుకు పోయింది. తల్లి సిగ్గుతో చచ్చిపోయింది.

గుమ్మం నుంచి కుర్చీ దాకా ఏడడుగులు. దుర్గ ఆ ఏడడుగులూ గోడ పట్టుకుని కుంటడం హైమవతి గారు చూశారు. కన్ను తరవాత చూశారు.

"ఎడమ మోకాలు వాస్తుందా అమ్మా? పొద్దున లేవగానే పట్టేసి, మధ్యాహ్నానికి సర్దుకుంటుందా?"

రత్నమాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల ఊపింది. ఈ ప్రశ్న అడిగించుకోవడానికి ఆమె నాలుగేళ్లుగా బస్సులెక్కి తిరుగుతోంది. చివరికి అడిగినావిడ మోకాళ్ల డాక్టరు కాదు.

"ఇన్నాళ్లూ కన్ను ఎవరికీ చూపించలేదా?"

"కంటికేం లేదు గదండి. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారలేదు."

"అదేనమ్మా దీని దొంగతనం. లోపల వాపు వస్తుంది, బయటికి తెలియదు. పిల్లకూ తెలియదు, రెండో కంటితో నడిపేస్తుంది. సన్నటి వెలుగు గీతను కంట్లోకి పంపే ఈ యంత్రంతో చూస్తేనే కనబడుతుంది. మూడు నెలలకొకసారి చూసి ఉంటే చుక్కల మందుతో ఆగేది."

వెంట వెళ్లిన నేను అప్పుడు నా సంచిలోని కాగితాలన్నీ ఆమె బల్ల మీద పరిచాను. అన్నింటినీ తిప్పి చూసి, వాటిలో ఒకదాని వెనక ఆమె నాకోసం కొన్ని మాటలు తెలుగులో రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఆ ఏడే జిరాక్సు తీయించి మండలంలోని ప్రతి బడికీ పంపాను. సారాంశం ఇది. రుమాటిక్ జ్వరం గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు, జ్వరంతో వస్తుంది. ఇవాళ మోకాలు, ఎల్లుండి చీలమండ, ఆ తరవాత మోచెయ్యి అని కీలు నుంచి కీలుకు పోతుంది. ఒకే కీలును పట్టుకుని నెలల తరబడి కూర్చోదు. ఆరు వారాలు దాటి వాపు నిలిచిందంటే పిల్లల కీళ్లవాతమేమోనని చూడాలి, అందులోనూ రకాలున్నాయి. దుర్గకు వచ్చినది ఒకటి రెండు కీళ్లకే పరిమితమై, పసివయసు ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించి, చడీచప్పుడూ లేకుండా కంటికి పాకేది. చేతివేళ్ల కణుపులతో మొదలై రెండు వైపులా అనేక కీళ్లను పట్టేది ఇంకొకటి. రోజూ ఒకే వేళకు జ్వరం ఎగసి, జ్వరంతోపాటు ఒంటిమీద లేత గులాబి మచ్చలు వచ్చి పోయే రకం ఉంది. అది చాలా ప్రమాదకరం, టైఫాయిడ్ అని ఏమారుస్తుంది. ఎనిమిది, పదేళ్లు దాటిన మగపిల్లలకు మడమ వెనకా నడుములోనూ నొప్పిగా వచ్చేదాన్ని ఆటల్లో దెబ్బ అనుకుంటారు. సోరియాసిస్ ఉన్న ఇళ్లలో వచ్చేది మరొకటి. అన్నింటికీ ముందు అడగవలసిన ప్రశ్న మాత్రం ఒక్కటే: పొద్దున లేవగానే ఎలా ఉంటుంది?

పదహారు పంక్తులు. నాలుగేళ్లు, అరవై తొమ్మిది సూదులు, ఒక కన్ను ఖర్చయ్యాక అవి మా ఊరు చేరాయి.

ఎడమ కంట్లో పొర కట్టింది, పాప అతుక్కుపోయింది. మూడడుగుల దూరంలో వేళ్లు ఊపితే నీడ కదిలినట్టు తెలుస్తుంది, అంతే. యంత్రంలో కుడికన్ను చూసినప్పుడు అక్కడా వాపు మొదలైన గుర్తులు కనిపించాయి.

"ఇది కూడా పోద్దాండి?" అని దుర్గ నేరుగా అడిగింది. తొమ్మిదేళ్లు దానికి.

"మూడు నెలలకోసారి నా దగ్గరకు వస్తే పోనివ్వకుండా చూస్తాను," అన్నారామె.

విశాఖపట్నంలో పిల్లల కీళ్ల వైద్యుడి దగ్గరకు పంపారు. వారానికొక్కసారి మింగే మాత్ర, మోకాలి లోపలికి ఒక ఇంజెక్షన్, రోజూ వ్యాయామం. ఆరు నెలల్లో దుర్గ పొద్దున ఆరింటికి అరుగు మెట్లు నిలబడి దిగింది. కుడికన్ను ఈనాటికి, అంటే 2003 ఆగస్టుకు, నిలిచి ఉంది. ప్రతి మూడు నెలలకూ కాకినాడ బస్సుకు బయలుదేరేముందు గంగరాజు గోడ మీది క్యాలెండరులో సన్న అంకెలను దుర్గ చేత చదివిస్తాడు.

పోయిన నెల నేను దుర్గను వెంటబెట్టుకుని రామచంద్రపురం డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. తమ నిర్ణయం పొరపాటని ఒక ముక్క రాసి ఇమ్మన్నాను.

"అప్పట్లో ఇవన్నీ ఎవరికి తెలుసండీ?" అన్నారాయన. "అయినా ఇప్పుడు గుండె ఎలా ఉంది?"

"బాగానే ఉందండి."

"చూశారా మరి."

లేని జబ్బును నయం చేసిన ఘనత కూడా ఆయన వదులుకోలేదు. కామేశం గారు అంతకన్నా నిజాయితీపరులు. పట్టికలోని 'నటన' అన్న మాట కొట్టేయమంటే, రిజిస్టరులో కొట్టివేతలు నిషిద్ధమని నియమావళి చూపించారు.

డాక్టరుగారి గదిలోంచి బయటికి వచ్చేసరికి దుర్గ బల్ల చివర ఒక ఆరేళ్ల పిల్ల పక్కన కూర్చుని ఉంది. ఆ రోజు శుక్రవారం. పిల్లకు నిగనిగలాడే జడలు, మల్లెపూలు, కొత్త గౌను. గౌను కింద కుడి మోకాలు రెండోదానికన్నా పెద్దదిగా ఉంది. పేరు చిన్నమ్మాయి అని, మూడు వారాల ఇంజెక్షన్‌కు వచ్చామని తల్లి చెప్పింది.

"ఏంటే, పొద్దున్న కాలు పట్టేత్తదా?" అని దుర్గ అడిగింది.

చిన్నమ్మాయి తల్లి వైపు చూసి, "ఆ. అన్నం తినే యేళకి పోద్ది," అంది.

"నీకెలా తెలుసమ్మా?" అంది తల్లి.

"నాదీ అంతేనండి. కన్ను చూపించారా?"

"కంటికేం లేదు తల్లీ, మోకాలికే."

దుర్గ అరచేత్తో తన కుడికన్ను మూసుకుంది. "ఇప్పుడు మీరు ఎక్కడ కూర్చున్నారో నాకు తెలీదండి," అంది. తరవాత చెయ్యి తీసి, "రేపు దీనికి నీళ్లు పొయ్యకండి. జడలెయ్యకండి. లేచింది లేచినట్టు ఐదున్నర బస్సుకి కాకినాడ తీసుకెళ్లండి," అంది.

ఆ తల్లి జవాబు చెప్పేలోగా కాంపౌండరు వాళ్ల నంబరు పిలిచాడు. లేచి లోపలికి వెళ్లారు. కాకినాడ వెళ్లారో లేదో నాకు తెలియదు. వాళ్లది ఏ ఊరో అడగాలన్న తెలివి నాకు బస్సు కదిలాక వచ్చింది.

నిజంగా రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు ఆ ఇంజెక్షన్ ప్రాణాధారం. దీన్ని చదివి ఏ తల్లీ తనంతట తాను మాన్పించకూడదు. నేను అడుగుతున్నది తల్లులను కాదు.

జిల్లా వైద్యాధికారులారా, సాయంత్రం ఐదింటికి తలుపు తెరిచే డాక్టరుగార్లారా: ఈ జిల్లాలో మూడు వారాలకొకసారి ఈ సూది పొడిపించుకుంటున్న ప్రతి పిల్ల చీటీనీ బయటికి తీయండి. ఆ పిల్లలను ఒక్క ఉదయం, ఏడు గంటలకు, స్నానం చేయకముందు పిలిపించి మీ కళ్ల ముందు నడిపించండి. ఎవరి మోకాలు ఆరు వారాలకు మించి వాచి ఉందో, వాళ్లను ఈ నెలాఖరు దాటకుండా కంటి యంత్రం ముందు కూర్చోబెట్టండి. అందరికన్నా ముందు, గడిచిన జులైలో ఒక శుక్రవారం సాయంత్రం రామచంద్రపురంలో ఇంజెక్షన్ చేయించుకున్న, కుడి మోకాలు వాచిన, చిన్నమ్మాయి అనే ఆరేళ్ల పిల్ల ఏ ఊరిదో మీ పుస్తకంలో వెతికి, ఆ ఇంటికి ఇవాళే మనిషిని పంపండి.